పెండ్లి పూలు ఎవరి చేతివి?



శ్రమల దినములు గడచి ఈస్టరు పండుగ ముగియగానే మన పల్లెలలో పెండ్లి పందిళ్లు లేచును. నలభై దినములు వివాహములు జరుపక ఆగిన సంఘములలో ఒక్కొక్క వారము రెండేసి మూడేసి పెండ్లిళ్లు వచ్చును. పట్నమునకును బొంబాయి వైపునకును కూలికి వెళ్లిన పాలమూరు బిడ్డలు ఈ ఎండకాలములోనే యిండ్లకు చేరుదురు. పెండ్లి ప్రకటనలు చదివించుటకు కాపరి యొద్దకు వచ్చిన పెద్దలు దినము, సమయము, భోజనములు అన్నియు మాటలాడుకొని, లేచి వెళ్లబోవుచు గడప దగ్గర నిలిచి ఒక మాట అడుగుదురు: “అయ్యగారూ, పూలు ఏం పెట్టాలె?”

ఇది చిన్న ప్రశ్నవలె కనబడును. ఇరువది సంవత్సరములకు దగ్గరగా నేను పరిచర్య చేయుచున్నాను. మొదటి పది సంవత్సరములు దీనికి నేను సరియైన జవాబు చెప్పలేదు. “మీ యిష్టము” అని పంపివేసితిని. పూలు ఆడువారి పని, అలంకరణ యువకుల పని, వాక్యము నా పని అని తలంచితిని. ఆ తలంపు తప్పని రెండు పెండ్లిళ్లు నాకు నేర్పినవి. వాటిని చెప్పుటకు ముందు, పూలను గూర్చి మన సంఘములలో వినబడు రెండు అభ్యంతరములను వాక్యపు వెలుగులో చూతము.

మొదటి అభ్యంతరము కొందరు వృద్ధ సహోదరులది. “పూలు లోకాశ. సాయంకాలమునకు వాడిపోవు దానికి డబ్బు ఏల? భక్తిగల యింటికి పాటయు ప్రార్థనయు చాలును” అని వారందురు. వారి మాటలో భయభక్తులున్నవి గనుక దానిని తేలికగా త్రోసివేయరాదు. అపొస్తలుడైన పేతురు వెలుపటి అలంకారముకంటె హృదయపు అంతరంగ స్వభావమును హెచ్చుగా ఎంచుమని బోధించెను (1 పేతురు 3:3-4). అయినను దేవుడు తన గుడారములో దీపవృక్షమును చేయించినప్పుడు దాని కొమ్మలకు బాదము పూవులవంటి కలశములు ఉండవలెనని ఆజ్ఞాపించెను (నిర్గమ. 25:31-36). సొలొమోను కట్టించిన మందిరపు గోడలమీద విరిసిన పువ్వులు చెక్కబడెను (1 రాజులు 6:29). ఆ పువ్వులు లేకపోయినను దీపము వెలుగును, గోడ నిలుచును. అయినను దేవుడు వాటిని కోరెను. మన ప్రభువు కొండమీద బోధించుచు పొలములోని పూవును చూపి, సొలొమోను రాజవస్త్రముకంటె దానిది గొప్ప అలంకారమని చెప్పెను (మత్తయి 6:28-30). అది రేపు పొయ్యిలో పడునని ఆయన ఎరుగును. పడునని ఎరిగియు మెచ్చుకొనెను. కాబట్టి వాడిపోవుట పూవు చేసిన నేరము కాదు. పెండ్లి దినము కూడ ఒక్క దినమే. అయినను మనుష్యుడు దానిని జీవితమంతయు జ్ఞాపకముంచుకొనును.

రెండవ అభ్యంతరము ఇంకను లోతైనది. “ఈ బంతి పూలు, ఈ గుమ్మపు తోరణములు అన్యుల పూజకు వాడుదురు గదా. మనము వాడవచ్చునా?” ఇది మన ప్రాంతములో సువార్తతోపాటు పుట్టిన ప్రశ్న. 1885లో ఎల్బర్టు చూట్ దొర పాలమూరులోను, 1890లో అబ్రహాము ఫ్రీజెన్ దొర నల్లగొండలోను మిషను స్థానములు నెలకొల్పిరి. ఆ తొలి తరములలో, విడిచిపెట్టిన విగ్రహములతో కలిసియుండిన ఆచారములన్నియు అనుమానముతో చూడబడెను. వారు భయపడుటకు కారణమున్నది. నిన్ననే పోచమ్మ గుడినుండి వచ్చినవాడు రేపు మరల వెళ్లునేమోనని వారు జాగ్రత్తపడిరి. పెండ్లికుమార్తెకు తెల్లచీర వచ్చెను. ప్రక్క యింటివారికి మాత్రము తెలుపు విధవరాలు కట్టు రంగు. మనము పవిత్రత అని కట్టినది వారికి దుఃఖముగా కనబడెను.

పౌలు హీబర్టు అను మిషనెరీ పండితుడు 1932లో మన దేశములోనే జన్మించి, మన పాలమూరు ప్రాంతపు కొండూరు గ్రామ జీవితమును గూర్చి 1971లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన 1987లో వ్రాసిన ఒక వ్యాసములో, పాత ఆచారమును కన్నులు మూసుకొని త్రోసివేయుటయు తప్పే, కన్నులు మూసుకొని పట్టుకొనుటయు తప్పే యని చూపెను. ఆయన చెప్పిన మార్గము సులభము. మొదట సంఘము కూడి ఆ ఆచారమునకు అర్థమేమో పెద్దలనడిగి తెలిసికొనవలెను. పిమ్మట ఆ విషయమును గూర్చి వాక్యమును ధ్యానింపవలెను. తరువాత ఏది ఉంచుదుము, ఏది విడుతుము, దేనికి క్రొత్త అర్థమిత్తుము అని సంఘమే తీర్మానింపవలెను. కాపరి ఒక్కడు చెప్పినది చాలదు. ఏలయనగా కాపరి బదిలీయై పోవును, సంఘము ఊరిలో నిలుచును.

ఈ మార్గమున వాక్యమును చూతము. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయములో, లుస్త్ర పట్టణమున ద్యుపతి పూజారి ఎడ్లను పూదండలను తెచ్చి పౌలు బర్నబాలకు బలి అర్పింపబోయెను. వారు తమ బట్టలు చింపుకొని జనసమూహములోనికి పరుగెత్తిరి. అప్పుడు వారు పూలు చెడ్డవని చెప్పలేదు. మనుష్యులకు ఆరాధన తగదని చెప్పి, వానలను, ఫలకాలములను, హృదయానందమును ఇచ్చు జీవముగల దేవుని చూపిరి. వాన యిచ్చువాడు ఆయనయైతే బంతి మొక్కకు వాన యిచ్చినవాడును ఆయనే. ఇతరులు దానిని ఎక్కడ పెట్టినను అది మొలిచిన భూమి ప్రభువుదే. అయినను పౌలు మరియొక సంగతి నేర్పుచున్నాడు. బలహీనమైన మనస్సాక్షి గల సహోదరుని నా స్వాతంత్ర్యముచేత గాయపరచరాదు (1 కొరింథీ. 8:9-13). నిన్న మొన్న విశ్వాసములోనికి వచ్చిన యింట, గుమ్మమునకు బంతి తోరణము కట్టగానే ఆ ముసలి తల్లికి పాత మొక్కుబడి జ్ఞాపకమునకు వచ్చి భయము కలిగినయెడల, ఆ యింట బంతి వద్దు. వేపకొమ్మను చూచి బెదరినను అంతే. మామిడాకులు చాలును. పూవు స్వచ్ఛమే, ఆ తల్లి హృదయము అంతకంటె విలువగలది.

ఇక నా మొదటి పాఠము చెప్పుదును.

కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక పెండ్లి జరిపించితిని. పెండ్లికుమారుని వారు పట్నములో స్థిరపడినవారు. “స్టేజి డెకరేషను మంచిగుండాలె, మా తరఫు వాళ్లు వస్తరు” అని అడిగిరి. గుడిమల్కాపూర్ మార్కెటునుండి పూలు వచ్చెను. బెంగళూరు, హోసూరు వైపు పాలిథీను పందిళ్ల క్రింద పెంచు జెర్బెరాలు, కార్నేషన్లు రాత్రికి రాత్రి వ్యానులో దిగెను. గోడంతయు పూలే. నేను ప్రసంగములో ఏదెను తోట జ్ఞాపకమునకు వచ్చుచున్నదని మెచ్చుకొంటిని. మరునాటి ఉదయము ఆ తోటను ఊడ్చి పెంటకుప్పలో వేసిరి. నెల తిరుగకమునుపే పెండ్లికుమార్తె తండ్రి మూట కట్టుకొని మరల కూలికి బయలుదేరెను. బస్సు కొరకు నిలిచియున్న ఆయనను చూచి, “ఎండకాలము ముగియకుండనే వెళ్లుచున్నావేమి?” అంటిని. “పూల బాకీ తీరాలె గద పాస్టరయ్యా” అని నవ్వెను. పూల బాకీ! ఆ మాట నన్ను విడువలేదు. ఏదెను తోట అని నేను పొగడినది ఆయన రాబోవు ఏడాది చెమట.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: “బేతనియలో ఒక స్త్రీ మూడు వందల దేనారముల కంటె ఎక్కువ విలువగల అత్తరు ఒక్క ఘడియలో పోసివేసెను గదా. ప్రభువు ఆమెను గద్దింపలేదు గదా?” అది నిజము (మార్కు 14:3-9). ఒక దేనారము ఒక దినపు కూలి (మత్తయి 20:2). అనగా అది ఇంచుమించు ఏడాది కూలి. ప్రభువు దానిని మంచి కార్యమనెను. అయితే తేడా చూడుడి. ఆ బుడ్డి ఆమెది. ఎవరును ఆమెను అడుగలేదు, ఎవరును ఆమెను సిగ్గుపరచలేదు. ఆమె ప్రేమించెను గనుక పగులగొట్టెను. మన పందిళ్లలో అనేకసార్లు జరుగునది వేరు. ఒకరు అడుగుదురు, మరియొకరు భయపడి అప్పు తెత్తురు, మూడవవాడు పొగడును. ఆ మూడవవాడను నేనే. కానాలో ద్రాక్షారసము అయిపోయినప్పుడు ప్రభువు ఆ యింటి సిగ్గును కప్పెను (యోహాను 2). ఆయన పిలువబడిన పెండ్లిలో పేద యింటిని సిగ్గుపరచి అప్పులోనికి నెట్టునది ఏదియు ఉండరాదు.

అట్లయితే ఏ పూలు పెట్టవలెను? మన ఎఱ్ఱనేలలు, రాళ్లగుట్టలు పూలు లేనివని తలంపకుడి. ఈ కాలమున మనకున్నవాటిని చెప్పుదును.

మల్లె ఈ ఎండలకే విరివిగా పూచును. తెల్లవారుజామున, ఎండ తగులకమునుపే మొగ్గలు కోసి, తడిగుడ్డలో చుట్టి, నీడలో ఉంచి, అరటి నారతో మాలలు కట్టుడి. మన ఆరాధన సాధారణముగా ఉదయమే గనుక ప్రమాణముల వేళ అవి మొగ్గలుగానే యుండును. సాయంకాలము విందు వేళకు విచ్చుకొని పరిమళించును. నిన్న విచ్చిన పూలు కొనినయెడల మధ్యాహ్నమునకే ఎఱ్ఱబారును. మాలలో నడుమ నడుమ మరువము, కనకాంబరములు చేర్చినయెడల చూపునకు బాగుండును. నందివర్ధనము తెల్లగా నిలుచును, అడిగినవారికెల్ల దొరకును. చేమంతి చలికాలపు పూవు. ఈ ఎండలలో అది దూరమునుండి రావలెను, ధర హెచ్చు. దానికొరకు పట్టుపట్టకుడి. మన రాష్ట్ర పుష్పముగా 2014లో ప్రకటింపబడిన తంగేడు వానలు వెలిసిన తరువాత విరివిగా పూచును గనుక దానిని ఆ కాలపు పెండ్లిళ్లకు విడువుడి. మోదుగ ఈస్టరు నాటికి ఇంచుమించు రాలిపోవును. అయితే గుట్టల వెంబడి రేల చెట్టు పసుపు గుత్తులతో వ్రేలాడుచుండును. ముట్టగానే రేకులు రాలును గనుక గుత్తిని కొమ్మతో కోసి ద్వారముపైన వ్రేలాడదీయుడి. బడి ఆవరణములలో తురాయి ఎఱ్ఱగా పూచును. నీళ్లులేని గోడమీద కూడ కాగితపు పూలు నిండుగా నుండును. అవి పందిరి గుంజలకు చాలును. గన్నేరు అందమైనదే గాని దాని ఆకు, పూవు, పాలు అన్నియు విషము. చిన్నపిల్లలకు అందునట్లును, వంట దగ్గరను పెట్టకుడి.

పందిరికి ఈత మట్టలు, నేరేడు కొమ్మలు మన తాతలనాటివే. మట్టల ఆదివారమున మనము చేత పట్టుకొని ప్రభువును స్తుతించినవి ఆ మట్టలే గదా. అమర్చుటలో ఒక్క సంగతి మాత్రము చూడుడి: బల్లమీది బైబిలును, వధూవరుల ముఖములను పూలు కప్పరాదు. కట్టలు కట్టలుగా ఒక్కచోట కుప్ప పోయకుడి. ఒక చెంబులో నీళ్లు, అందులో నాలుగు కొమ్మలు, చుట్టును ఖాళీ స్థలము. అది కన్నునకు హాయి. వీటిలో బాకీ పెట్టించునది ఒకటియు లేదు. ఊరిలో పది యిండ్ల పెరడులనుండి పది గంపలు వచ్చినయెడల పందిరి నిండును, పది యిండ్లవారును ఆ పెండ్లిలో పాలివారగుదురు.

పది యిండ్లనుండి అంటిని. ఇక్కడనే నా రెండవ పాఠము. దీనిని వ్రాయుటకు నాకు సిగ్గుగానున్నది.

మన సంఘములలో ఒక విధవరాలు కలదు. భర్త చనిపోయిన దినమున ఆమె తలలోని పూలను బంధువులే తీసివేసిరి. ఆమె కూలిపని చేసి ఒక్కతే కుమార్తెను పెంచెను. ఇంటి వెనుక బోరింగు దగ్గర పారు నీళ్లకు ఒక మల్లె పొద పెంచెను. సంవత్సరముల తరబడి ఆ పూలు కోసి ఊరిలోని పిల్లలకు పంచెనే గాని తాను ఒక్కటి ముడువలేదు. కుమార్తె పెండ్లి నాడు ఆమె చీకటితోనే లేచి రెండు దండలు కట్టెను. నేను మందిరములోనికి వచ్చునప్పటికి ఆ దండలు బల్లమీద తడిగుడ్డలో నుండెను. ఆమె వాకిట గోడ ప్రక్కన నిలిచియుండెను. “లోపలికి రామ్మా, బిడ్డ తలలో పూలు పెట్టు” అని నేను పిలిచితిని. ఆమె, “నేను ముట్టొద్దు అయ్యగారూ. బిడ్డకు మంచిది కాదంటరు” అనెను. మేనత్తలు మాటలాడలేదు. పెద్దలు గడియారము చూచిరి. నేను ఒక్క క్షణము నిలిచి, ఆరాధన ఆలస్యమగుచున్నదని లోపలికి వెళ్లితిని. మేనత్త ఒకామె పెండ్లికుమార్తెకు పూలు ముడిచెను. ఆ పూలు కట్టిన చేయి వెలుపలనే ఉండెను. లోపల నేను, క్రీస్తునందు అందరును ఒక్కటే అను అంశముమీద ప్రసంగించితిని.

సహోదరులారా, విగ్రహములకు పెట్టిన పూవని బంతిని అనుమానించితిమి. అపశకునమను విగ్రహమును మాత్రము మందిరపు వాకిట నిలుపుకొంటిమి. ఆ తల్లి దండ కట్టవచ్చును గాని వేయరాదు అను నియమము ఏ వాక్యములోనిది? అన్నయను ప్రవక్త్రి ఏడేండ్లు మాత్రమే భర్తతో కాపురముచేసి విధవరాలైనది. శిశువైన యేసును దేవాలయములో కొనియాడి అందరికి తెలిపిన భాగ్యము ఆమెకు దొరికెను (లూకా 2:36-38). అపశకునమని ఎవరును ఆమెను వెలుపల నిలుపలేదు. మన ప్రభువు నజరేతు సమాజమందిరములో చదివినది యెషయా 61వ అధ్యాయపు ఆరంభము. ఆ అధ్యాయములోనే మూడవ వచనము చూడుడి. దుఃఖించువారికి బూడిదెకు బదులుగా దేవుడు ఇచ్చునదేమి? మన తెలుగు బైబిలులో ఆ మాట పూదండ. దుఃఖించువారి తలమీద దేవుడు పెట్టుదునన్న దానిని మన ఆచారము తీసివేయుచున్నది.

లోకము ఈ విషయములో మనకంటె ముందు నడచినది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరములో మొదటి విధవా వివాహము జరిపించిరి. మన కాలములో, 2022 మే నెలలో, మహారాష్ట్రములో కొల్హాపూరు జిల్లా హేర్వాడ్ అను గ్రామ పంచాయతీ, భర్త చనిపోయినప్పుడు భార్య గాజులు పగులగొట్టుట, మంగళసూత్రము తీసివేయుట మొదలైన ఆచారములను నిలుపుచు తీర్మానము చేసెను. అది సంఘము కాదు, ఒక సామాన్య పంచాయతీ. వారు చేయగలిగినది మన సంఘ కమిటీ చేయలేదా?

ఇప్పుడు “పూలు ఏం పెట్టాలె” అని అడుగువారికి నేను చెప్పు జవాబు ఇది. పూవు ఏ జాతిదని అడుగుటకు ముందు అది ఏ దారిని వచ్చినదని అడుగుడి. అప్పు దారిని వచ్చినయెడల అది ఎంత అందమైనను వద్దు. ఒకరిని వెలుపల నిలిపి లోపలికి వచ్చినయెడల అది ఎంత పరిమళించినను వద్దు. ఇష్టపడి ఇచ్చిన చేతినుండి వచ్చినయెడల అది కాగితపు పూవైనను బల్లమీద పెట్టుడి.

మా సంఘములో ఈ సంగతి మూడు ఆదివారములు మాటలాడుకొంటిమి. అందరు ఒప్పుకొనలేదు. ఒక పెద్ద, “ఆచారం ఉండనియ్యి అయ్యగారూ, ఆమెకే భయం ఉంటె మనం ఏం చేస్తం?” అనెను. ఆ మాటలోను సత్యమున్నది. ఎవరినైనను బలవంతముగా పిలిచి అందరి యెదుట నిలబెట్టుట ప్రేమ కాదు. కాబట్టి తీర్మానమును చిన్నదిగానే చేసికొంటిమి: పెండ్లికి వారము ముందు కాపరియు స్త్రీల సమాజపు సహోదరి ఒకరును తల్లి యింటికి వెళ్లి ప్రార్థించి, ఆమె విధవరాలైనను కాకపోయినను, దండ ఆమెయే ఇయ్యవలెనని ముందుగా అడుగవలెను. ఆమె ఒప్పుకొననియెడల నొచ్చుకొనక మరల మరియొక పెండ్లికి అడుగవలెను.

నేను చెప్పిన ఆ తల్లి యింటికి నేను తరువాత వెళ్లి క్షమాపణ అడిగితిని. ఆమె ఏమియు అనలేదు. మల్లె పొదకు నీళ్లు మళ్లించుచు విన్నది. ఈ ఈస్టరు తరువాత ఆమె తమ్ముని కుమార్తె పెండ్లి వచ్చెను. ముందుగా వెళ్లి అడిగితిమి. “చూద్దాం” అనెను. పెండ్లి ఉదయమున ఆమె గంపతో వచ్చి గోడ దగ్గర ఆగెను. పెండ్లికుమార్తెయే బయటికి వచ్చి, “అత్తమ్మా, నువ్వే పెట్టు” అని తల వంచెను. ఆమె చేతులు వణకెను. అయినను పెట్టెను. నేను గడియారము చూడలేదు.

వచ్చు పెండ్లికి మీ సంఘములో ఎవరు వాకిట నిలిచియుందురో ముందుగా చూచుకొనుడి. ఆ చేతికి పూలు ఇయ్యుడి.

ప్రార్థన: పొలములోని పూవును అలంకరించు తండ్రీ, మా పిల్లల వివాహములను అప్పునుండియు, ఆడంబరమునుండియు, భయమునుండియు తప్పించుము. దుఃఖించువారికి నీవు ఇచ్చెదనన్న దండను మేము తీసివేయకుండునట్లు మాకు ధైర్యము దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.